మామగారి యెజ్డీ: బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

ఈ సంక్రాంతికి మా ఇంట్లో అరిసెల పాకం కంటే ఎక్కువ ముదిరిన మాట ఒకటుంది. ఆళ్లగడ్డ దగ్గర మా అత్తగారి ఊర్లో, పాత పశువుల కొట్టంలో, గోనెపట్టాల కింద మామగారి యెజ్డీ బండి ఉంది. అది ఆగిపోయి తొమ్మిదేళ్లు, మామగారు పోయి నాలుగేళ్లు. దాన్ని ఏం చేయాలన్నదే గొడవ.

మావారేమో కొత్త బండిలా తళతళలాడించి నంద్యాల ఇంటి ముందు నిలపాలంటారు. ఇంజనీరింగ్ చదివే మా అబ్బాయి దాన్ని పాత ఇనుముకు వేసేసి, అదే పేరుతో ఇప్పుడు వస్తున్న అడ్వెంచర్ బండి కొనమంటాడు. "అమ్మా, అది డర్ట్ బైక్ లాంటిది, తాత పొలం దారిలో కూడా పోతుంది" అని నాకు నచ్చచెప్పాడు. ఇద్దరి చూపూ ఒకే చోట ఉంది. నేను నెలనెలా కట్టి పాడుకున్న చీటీ డబ్బు, లక్షా ఇరవై వేలు.

మీకు తెలుసు కదా, నాకు ఏ ఖర్చు వచ్చినా లెక్కల పుస్తకం తీయడం అలవాటు. ఈసారి లెక్కలతో పాటు ఆ బండి చరిత్ర కూడా రాసుకున్నాను. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఇన్నాళ్లు ఎట్లా నడిచింది, ఎవరి డబ్బుతో నడిచింది? చివరి ప్రశ్నకు జవాబు దొరికేసరికి మా గొడవ తీరిపోయింది. అందుకే మీతో చెప్పాలనిపించింది.

ముందు దారి సంగతి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఇప్పుడు హైవే మీద శిరివెళ్ల దాటుకుని గంటలోపే వెళ్లిపోతాం. నేను కాపురానికి వచ్చినప్పుడు హైవే నుంచి మా ఊరికి తారు లేదు. మాది నల్లరేగడి నేల. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విడుస్తుంది, నాలుగు చినుకులు పడితే చెప్పు కాలికి రాదు, అక్కడే ఉండిపోతుంది. ఎద్దుల బండి చక్రానికి మట్టి చుట్టుకుని కదలనంటుంది. వానాకాలంలో కాస్త గట్టిగా ఉండే దారి కాలువ గట్టు ఒక్కటే.

ఆ కాలువ కేసీ కెనాల్. కర్నూలు, కడపలను కలుపుతూ 1863కూ 1870కీ మధ్య ఒక ప్రైవేటు కంపెనీ తవ్వింది. సాగునీటితో పాటు పడవలు కూడా నడపాలని వాళ్ల ఆశ. అనుకున్న లాభాలు రాలేదు, 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. పడవల మాట మా తరానికి తెలియదు. మా ఊరివాళ్లకు మాత్రం ఆ నీళ్లు మళ్లకు, ఆ గట్టు కాళ్లకు. మామగారి బండి ఎక్కువగా తిరిగింది ఆ గట్టు మీదే.

మా అబ్బాయి డర్ట్ బైక్ అన్నప్పుడు అందుకే నవ్వొచ్చింది. మామగారి కాలంలో మట్టిదారికని వేరే బండి అమ్మేవాళ్లు కాదు. ఉన్న దారులే మట్టివి, అందుకని ఉన్న బండ్లే మట్టిబండ్లు. పాల క్యాన్లు కట్టుకుని పోయే రాజ్‌దూత్, మద్రాసులో తయారయ్యే బుల్లెట్, మైసూరు నుంచి వచ్చే యెజ్డీ. ఊర్లో మోటారు సైకిలు కొనాలనుకునే రైతుకు 1980కి అటూ ఇటూ కనిపించేవి ఎక్కువగా ఈ మూడే.

యెజ్డీ కథ మొదలయ్యేది మాత్రం యూరప్‌లో. చెకోస్లోవేకియాలో ఆయుధాలు తయారుచేసే ఫ్రాంటిషెక్ యానెచెక్ 1929లో మోటారు సైకిళ్ల వ్యాపారంలోకి దిగాడు. జర్మనీలోని వాండరర్ కంపెనీ దగ్గర బండి డిజైను కొన్నాడు. తన పేరులోని మొదటి అక్షరాలు, వాండరర్‌లోని మొదటి అక్షరాలు కలిపి 'జావా' అని పేరు పెట్టాడు. ఇన్నేళ్లూ నేను అది ఇండోనేషియా జావా అనుకున్నాను!

బొంబాయిలో ఇరానీల కుటుంబం ఆ బండ్లను తెప్పించి అమ్మేది. 1950ల్లో మన ప్రభుత్వం దిగుమతుల మీద పట్టు బిగించడంతో, వాటిని ఇక్కడే తయారుచేయాలని రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ మైసూరులో ఐడియల్ జావా కంపెనీ పెట్టారు. 1961లో బండ్లు రావడం మొదలైంది. ఫ్యాక్టరీని ప్రారంభించింది అప్పటి మైసూరు రాష్ట్ర గవర్నరు, మహారాజు జయచామరాజ ఒడెయరు. 1970ల్లో చెక్ కంపెనీతో ఒప్పందం ముగిశాక ఆ బండి యెజ్డీ అయింది. ఇరాన్‌లోని యాజ్ద్ పట్టణం మీద పెట్టిన పేరు అది.

మామగారిది యెజ్డీ రోడ్‌కింగ్, 1981లో కొన్నది. 250 సీసీ, టూ స్ట్రోక్ ఇంజను. ఒకే సిలిండరు, రెండు సైలెన్సర్లు. పెట్రోలులో ఆయిలు కొలిచి కలిపి పోయాలి. దాని వింత ఏమిటంటే, కిక్కు రాడ్డు వేరు, గేరు రాడ్డు వేరు కాదు. రెండూ ఒకటే. పైకి లేపి తొక్కితే స్టార్టు, ముందుకు తిప్పితే గేరు. పెళ్లయిన కొత్తలో మావారు నాకు ఈ సంగతి ఎంత గర్వంగా చెప్పారో! నేనేమో వంటింట్లో పట్టకారే గరిటైనట్టు ఉందే అనుకున్నాను.

బండి కాలువ గట్టు ఎక్కితే ఆ డబడబ శబ్దం ఊరికి ముందే తెలిసేదట. మా అత్తమ్మ ఆ శబ్దం వినే ఎసట్లో బియ్యం పోసేది. "మీ మామ గట్టెక్కినాడంటే అన్నం ఉడికే యాళకు వాకిట్లో ఉంటాడు" అనేది. గడియారం లేని ఇంట్లో అదే గడియారం.

మద్రాసు పక్క శోలవరంలో, పాత విమానాల రన్‌వే మీద జరిగే పందాల్లో యెజ్డీలు పరుగెత్తాయని మావారు పదేపదే చెబుతారు. అవును, పరుగెత్తాయి. కానీ మా బండి చేసిన పనులు వేరు. యూరియా బస్తాలు మోసింది. నంద్యాల మార్కెట్టుకు మిరపకాయ మూటలు తెచ్చింది. నంద్యాల వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి పత్తి విత్తనాలు తెచ్చింది. ఈ పనులకు ఎవరూ కప్పులు ఇవ్వలేదు.

తర్వాత కాలం మారింది. 1984, 85 వచ్చేసరికి జపాన్ కంపెనీలతో కలిసి తయారైన చిన్న బండ్లు వరసగా దిగాయి. ఇండ్ సుజుకి, హీరో హోండా, యమహా ఆర్ఎక్స్ 100. తేలికైనవి, తక్కువ పెట్రోలు తాగేవి. హీరో హోండాకు ఆయిలు కలిపే పని కూడా లేదు. నెల జీతం మీద బతికే ఇళ్లకు అవి దేవుడిచ్చిన బండ్లు. పెట్రోలు బాగా తాగే యెజ్డీ వెనకబడింది. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. వేలమంది బతికిన చోటు అది. అక్కడ పనిచేసినవాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లు ఆ నెల ఏ డబ్బా తీసి చూసుకున్నారో అని నాకు అనిపిస్తుంది.

కంపెనీ పోయినా బండ్లు పోలేదు. తయారుచేసినవాళ్లు వదిలేశాక వాటిని ఇరవై, ముప్పై ఏళ్లు నడిపించింది ఊరూరా ఉన్న మెకానిక్కులు. పిస్టన్ దొరక్కపోతే వేరే కొలత పిస్టన్ తెచ్చి సిలిండరును దానికి సరిపడా తొలిచారు, దాన్నే బోరు కొట్టించడం అంటారు. గాస్కెట్ లేకపోతే గట్టి అట్ట కత్తిరించారు. ఆళ్లగడ్డలో మామగారి బండిని చూసే మెకానిక్కు ఇప్పుడు డెబ్బై దాటినవాడు. "అమ్మా, ఈ బండిలో మైసూరు ఎంతుందో, ఆళ్లగడ్డ అంతుంది" అన్నాడు. నిజమే. సీటు ఆళ్లగడ్డది, వైర్లు నంద్యాలవి, వెనక చక్రం కర్నూలు పాత సామాన్ల అంగడిది.

అయితే ఇప్పుడు మా ముందున్న దారులు ఎన్ని? చరిత్ర చూస్తే మూడు కనబడ్డాయి.

మొదటిది పేరును బాగుచేయడం. 2022 జనవరిలో యెజ్డీ పేరుతో మూడు కొత్త బండ్లు వచ్చాయి. అందులో మా అబ్బాయి అడిగే అడ్వెంచరు ఒకటి. 334 సీసీ, ఫోర్ స్ట్రోకు, నీళ్లతో చల్లబడే ఇంజను. తయారయ్యేది మైసూరులో కాదు, మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో. యెజ్డీ పేరు మీద హక్కు ఎవరిదన్న తగాదా కర్ణాటక హైకోర్టు దాకా వెళ్లింది. బండి మంచిదే కావచ్చు, నేను కాదనను. కానీ దాంట్లో మామగారి బండికి చుట్టం పేరొక్కటే. వచ్చినప్పుడే దాని ధర రెండు లక్షలు దాటింది.

రెండోది రూపాన్ని బాగుచేయడం. మావారి కోరిక ఇదే. ట్యాంకుకు కొత్త రంగు, హ్యాండిలుకు కొత్త క్రోము, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎట్లుందో అట్లా. దీనికి ఒక చట్టం కూడా ఉందని తెలిసింది. 2021లో కేంద్రం వింటేజి వాహనాలకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారకుండా ఉన్న బండికి వింటేజి రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్తగా చేయించాలంటే ఫీజు 20,000. అయితే ఆ రిజిస్ట్రేషనుతో ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకుపోవచ్చు కానీ రోజూ నడపకూడదు. మా బండికి యాభై నిండేది 2031లో. అప్పటికి అసలు రూపం అంటే ఏది? ఆళ్లగడ్డ సీటు, కర్నూలు చక్రం ఉన్నది కాదు కదా.

మూడోది నడకను బాగుచేయడం. రూపం ఎట్లున్నా సరే, కదలాలి. దీనికీ కాగితాలు కావాలి. సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్లే, తర్వాత ఐదేళ్లకోసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో టూవీలరుకు ఆ ఫీజును 300 నుంచి 1,000కి పెంచారు. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, సీళ్లు దానికి తట్టుకోవు, అవన్నీ మార్చాలి.

ముగ్గురం మూడు పక్కల పట్టుకుని లాగుతుంటే, కనుమ నాడు అత్తమ్మను అడిగాను. ఆమె వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది.

"అత్తమ్మా, మామ బండి మీద నువ్వు ఎన్నిసార్లు తిరిగింటావు?"

చేట ఆపింది. వేళ్లు మడిచింది. "ఆరుసార్లు ఎక్కినా అమ్మీ."

ముప్పై ఐదేళ్లు నడిచిన బండి. ఆరుసార్లు!

ఒక్కొక్కటే చెప్పింది. మొదటిసారి మావారికి ఏడేళ్లప్పుడు తేలు కుట్టి, నడిరాత్రి బిడ్డను ఒళ్లో పెట్టుకుని నంద్యాలకు. రెండోసారి వాళ్లమ్మ పోయినప్పుడు శిరివెళ్ల పక్కన పుట్టింటికి. ఊరి పెద్దల ఎదుట మొగుని వెనక బండి మీద కూర్చుని పోవడం బాగుండదని పొలిమేరలో దిగి, ఏడ్చుకుంటూ నడిచి పోయిందట. మూడోసారి గర్భం నిలవక ఆసుపత్రికి. నాలుగోసారి మా ఆడబిడ్డ పెళ్లి బట్టలకు, అదొక్కటే సంతోషంగా. ఆరోసారి కంటి ఆపరేషనుకు.

"ఐదోసారో?" అన్నాను.

"బ్యాంకుకు. గాజులు కుదవ పెట్టను."

1997లో ఇంజను పట్టేసిందట. ఫ్యాక్టరీ మూసి ఏడాది, సామాన్లు దొరకవు. దొరికినచోట చెప్పిందే ధర. ఇంజను మొత్తం విప్పి బోరు కొట్టించి, క్రాంకు మార్చడానికి డబ్బు లేదు. అత్తమ్మ పుట్టింటివాళ్లు పెట్టిన రెండు జతల గాజులు ఆ బండి మీదే పోయి బ్యాంకులో పెట్టి వచ్చారు. పంట వచ్చినాక ఒక జత విడిపించారు. రెండో జత వేలానికి పోయింది.

చేట్లో కందులు అట్లే ఉన్నాయి. మావారు అక్కడే నిలబడి విన్నారు. ఆయనకు ఇన్నేళ్లూ ఈ సంగతి తెలియదు. బండి సీసీ తెలుసు, సంవత్సరం తెలుసు, శోలవరం తెలుసు. అది తన తల్లి గాజుల మీద నడిచిందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"కోపం లేదా అత్తమ్మా?" అని అడిగాను.

"కోపమెందుకు? ఆ బండి లేకుంటే నీ మొగుడు ఆ రేత్రి దక్కేవాడా? బండి కావాల. గాజులూ కావాల్సిండె. రెండూ నిజమే" అంది. కాసేపాగి, "కదిలేటట్టు చేపిచ్చండి. మెరిసేటట్టు వద్దు. మెరిసేదానికి నా కాడ ఇంగ గాజుల్లేవు" అంది.

ఇంతకంటే బాగా ఎవరు తేల్చి చెప్పగలరు?

ఆళ్లగడ్డ మీదుగా పోయినవాళ్లకు రోడ్డు పక్కన శిల్పాల పని చేసే చోట్లు గుర్తుండే ఉంటాయి. రాతి దుమ్ములో ఉలి చప్పుళ్లు, సగం చెక్కిన దేవుళ్లు. మరుసటి రోజు నంద్యాలకు తిరిగి వస్తూ అక్కడ బస్సు ఆగినప్పుడు నాకొకటి తట్టింది. మన పద్ధతిలో రెండు మాటలున్నాయి. విగ్రహం విరిగితే పూజకు పనికిరాదు, కొత్తది చెక్కించి ప్రతిష్ఠిస్తాం. గుడి పాతబడితే మాత్రం జీర్ణోద్ధరణ చేస్తాం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని రూపాల సంగమేశ్వరాలయాన్ని విప్పి, కర్నూలు జగన్నాథగట్టు మీద మళ్లీ కట్టారు. గుడి చోటు మారింది, దీపం ఆగలేదు. విగ్రహానికి రూపం ముఖ్యం, గుడికి వాడుక ముఖ్యం. మావారు బండిని విగ్రహం అనుకుంటున్నారు. అత్తమ్మ దాన్ని గుడి అనుకుంటోంది, జనం వచ్చిపోయే చోటు.

నంద్యాల చేరాక లెక్కల పుస్తకం తీశాను. మెకానిక్కు చెప్పిన ప్రకారం తళతళలాడించాలంటే ఎనభై ఐదు వేలు. కదిలించడానికి మాత్రమే అయితే ఇరవై ఏడు వేలు. ఇంజను విప్పి రింగులు, సీళ్లు, బేరింగులు, ట్యాంకు లోపలి తుప్పు కడగడం, కొత్త పెట్రోలు గొట్టాలు, టైర్లు, బ్రేకులు, వైర్లు అన్నీ అందులోనే. మా అమ్మాయి హాస్టలు ఫీజు డెబ్బై వేలు. చీటీ లక్షా ఇరవైలో ఫీజు ముందు, బండి తర్వాత. మిగిలింది ఇరవై మూడు వేలు. ఇప్పటి బంగారం ధరకు దాంతో గాజులు రావని నాకు తెలుసు. అయినా అత్తమ్మ పేరు మీద పోస్టాఫీసులో వేశాం. ఆ ఖాతా పుస్తకం ఆమె దగ్గరే ఉంది.

మా అబ్బాయి రెండు రోజులు ముఖం ముడుచుకున్నాడు. ఉద్యోగం వచ్చాక నీ డబ్బుతో నీకు నచ్చిన బండి కొనుక్కో, నేనే కొబ్బరికాయ కొడతానని చెప్పాను. తర్వాత వాడే ఆదివారాలు ఆళ్లగడ్డకు పోయి మెకానిక్కు పక్కన కూర్చుని ఇంజను విప్పడం నేర్చుకున్నాడు. మావారు ట్యాంకు మీద సొట్ట కూడా తీయించలేదు. అది 1989లో కాలువ గట్టు మీంచి జారినప్పటి సొట్ట. రంగు వేయిస్తే పోతుందని భయం!

మా వైపు కనుమ నుంచి అహోబిలం స్వామి పార్వేటకు బయలుదేరతాడు. నలభై రోజులకు పైగా పల్లకిలో ఊరూరా తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తాడని మావాళ్ల నమ్మకం. స్వామి పొరుగూరికి వచ్చిన వారంలోనే బండి స్టార్టయింది. తొమ్మిదేళ్ల తర్వాత ఆ డబడబ వినగానే అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. మావారు స్టాండు వేసి పట్టుకున్నారు. ఆమె పైకెక్కి కూర్చుంది. ఎవరి ఎదుటా దిగాల్సిన పని లేదు. "పొయ్యొద్దామా?" అన్నారు మావారు.

రిజిస్ట్రేషను పొడిగింపు ఇంకా రాలేదు, కాగితం లేకుండా దారికెక్కొద్దని నేనే ఆపాను. అత్తమ్మ నవ్వి, "వచ్చే ఏటి పార్వేటకు పోదాంలే. ఏడోసారి రోగానికో చావుకో కాదు, దేవుని పెండ్లికి" అంది.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి పాత వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. కుట్టుమిషనో, గ్రైండరో, బండో. బాగుచేయించాలా, కొత్తది కొనాలా అని తేల్చుకునే ముందు, ఇంట్లో పెద్దావిడను ఒక్కసారి అడగండి. అది ఇన్నాళ్లు ఎవరి డబ్బుతో నడిచింది అని.